దర్శి ఇంట్లో జపాన్ పెట్టె: వస్తువును చరిత్ర ఆధారంగా చదవడం

ప్రస్తావన

ఇంతకు ముందు పాఠాల్లో మీరు శాసనాలు, కైఫియత్తులు, ఈస్టిండియా కంపెనీ రికార్డుల గురించి చదివారు. ఇవన్నీ లిఖిత ఆధారాలు. దర్శి ప్రాంతపు శాసనాలు కూడా 1905లో అచ్చయిన నెల్లూరు జిల్లా శాసనాల సంపుటాల్లో ఉన్నాయి. (దర్శి అప్పుడు నెల్లూరు జిల్లాలోది. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు ఇటు వచ్చింది.) ఆ సంపుటాలు తిరగేస్తే దేవుడికి మాన్యం ఇచ్చినవారు, చెరువు తవ్వించినవారు, పన్ను మాఫీ చేసినవారు కనిపిస్తారు. మీ నాయనమ్మ కనిపించదు. ఆమె నాయనమ్మ కూడా కనిపించదు. రాయి చెక్కించే స్తోమత లేనివారి చరిత్రను ఎక్కడ వెతకాలన్నదే ఈ పాఠంలోని ప్రశ్న. దానికి ఒక చిన్న పెట్టెను ఉదాహరణగా తీసుకుందాం.

మీ ఇల్లు దర్శిలోనో, పక్కన తాళ్ళూరు, ముండ్లమూరు, దొనకొండల్లోనో ఉందనుకోండి. సంక్రాంతికి ఇల్లు దులుపుతుంటే అటక మీద నుంచి ఒక పెట్టె దిగింది. జానెడు పొడవు, అంతకంటే తక్కువ ఎత్తు. నల్లగా నిగనిగలాడుతోంది. మూత మీద బంగారు రంగులో ఒక కొండ, ఒక వంతెన, రెండు కొంగలు. ముందువైపు రెండు చిన్న సొరుగులు, లోపల ఎర్ర మఖమల్ గుడ్డ, మూత వెనక మచ్చలు పడ్డ అద్దం. సొరుగులో తెగిన గొలుసు ముక్క, సగం పూసలు రాలిన నల్లపూసల దండ, ఏ బిడ్డ మొలతాడుదో ఒక వెండి మువ్వ, మడతల దగ్గర చిరిగిన ఉత్తరం. ఇంట్లో పెద్దవాళ్ళను అడిగితే ఒక్క వాక్యం చెబుతారు: "అది మీ తాత తెచ్చిన జపాన్ లక్క పెట్టె."

ఈ వాక్యంలో మూడు వాదనలున్నాయి. అది లక్క అన్నది ఒకటి, జపాన్‌ది అన్నది రెండోది, తాతది అన్నది మూడోది. చరిత్ర విద్యార్థి ఈ మూడింటినీ వెంటనే నమ్మకూడదు. పెద్దవాళ్ళకు ఏం తెలుసని కొట్టిపారేయనూ కూడదు. ఇంటి మాటను కూడా శాసనం లాగే ఒక ఆధారంగా తీసుకుని, పదం పదం విడదీసి చూడాలి.

లక్క కాని లక్క

ముందు పదార్థం సంగతి చూద్దాం. మనం లక్క అనేది ఒక పురుగు తయారుచేసే పదార్థం. మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మల మీద బతికే సన్నని పురుగులు తమ చుట్టూ జిగురు వంటి గూడు కట్టుకుంటాయి. ఆ కొమ్మలు కొట్టి, గీకి, కడిగి, కరిగించి లక్క తీస్తారు. అది వేడికి మెత్తబడుతుంది, చల్లారితే గట్టిపడుతుంది. దాని ఉపయోగమంతా ఈ గుణంలోనే ఉంది. కంసాలి బోలు నగ సొట్ట పడకుండా లోపల లక్క నింపుతాడు. తాకట్టు పెట్టడానికి వెళ్ళినప్పుడు ఆ లక్క బరువు తీసేసి లెక్క కట్టడం మీలో చాలామందికి అనుభవమే. ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెన మీద గిరగిర తిప్పుతూ రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పడుతుంది. తర్వాత మొగలి ఆకుతో మెరుగు పెడతారు. మనం చిన్నప్పుడు ఆడుకున్న లక్కపిడతలు, పేరంటాల్లో కనిపించే కుంకుమ భరిణెలు అక్కడి పనితనమే. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. భారతంలో పాండవులను చంపడానికి కట్టించిన ఇల్లు లక్కతోనే ఎందుకు కట్టించారో కూడా ఈ గుణాన్ని బట్టి అర్థమవుతుంది. లక్క ఇట్టే కరుగుతుంది, ఇట్టే మండుతుంది.

జపాన్ వారి అసలైన నల్లపూతలో ఈ లక్క చుక్క కూడా ఉండదు. దాని పేరు ఉరుషి. అది ఒక చెట్టు బెరడుకు గాట్లు పెడితే కారే పాలు. పది పదిహేనేళ్ళు పెరిగిన చెట్టును ఒక కాలమంతా గీసినా దొరికేది సుమారు 200 మిల్లీలీటర్లే. ఆ తర్వాత చెట్టును నరికేస్తారు. ఇక అది ఆరే తీరు మరీ విడ్డూరం. మనకు తెలిసిన రంగులు, వార్నిషులు పొడిగాలికి ఆరతాయి. ఉరుషి ఆరాలంటే తేమ కావాలి. గాలిలో తేమ 70, 80 శాతం ఉండేలా చూసిన మూసిన అరల్లో వస్తువును పెడతారు. పాలలోనే ఉన్న ఒక ఎంజైము గాలిలోని ఆక్సిజన్ సాయంతో పూతను గట్టిపరుస్తుంది. ఒక పొర ఆరాక నునుపు చేసి మరో పొర వేస్తారు. మంచి పనిలో ఇలా ఎన్నో పొరలు పడతాయి. చివరి పొర తడిగా ఉండగా బంగారు పొడి చల్లి బొమ్మ తేల్చే పద్ధతిని మాకీ-ఎ అంటారు. గట్టిపడిన ఉరుషి వేడికి కరగదు, సారాయి వంటి ద్రవాల్లోనూ కరగదు. జపాన్‌లో వేడివేడి చారు తాగే గిన్నెలకు కూడా ఇదే పూత.

మరి ఈ చెట్టుకు మన దగ్గర బంధువులు లేరా అంటే, బోలెడు ఉన్నారు. మామిడి, జీడిమామిడి, నల్లజీడి మూడూ ఉరుషి చెట్టు కుటుంబానికి చెందినవే. మామిడికాయ తొడిమ తుంచగానే చిమ్మే సొన పెదవికి అంటితే పుండు పడుతుంది. జీడిపిక్కల పెంకు నూనె తగిలితే చేతులు పొక్కుతాయి. ఉరుషి పని నేర్చుకోవడానికి చేరినవాళ్ళను మొదట పలకరించేవీ ఇలాంటి పొక్కులే, ఎందుకంటే వాటికి కారణమైన రసాయనాలు ఒకే జాతివి. పూర్వం రజకులు ఏ బట్ట ఏ ఇంటిదో గుర్తుండటానికి నల్లజీడి రసంతో మూలన చుక్క పెట్టేవారు. బట్ట చిరిగేదాకా ఉతికినా ఆ నలుపు పోయేది కాదు. నన్నడిగితే, జపాన్ పెట్టె మీది పూత ఎలాంటిదో దర్శి వాళ్ళకు చెప్పడానికి లక్కపిడత కంటే చాకలి గుర్తే సరైన ఉదాహరణ.

అలాంటప్పుడు లక్క అన్న పేరు ఎలా తగులుకుంది? సంస్కృతంలోని లాక్ష, మన దేశ భాషల్లోని లక్క, లాఖ్ పారశీక, అరబ్బీ భాషల్లోకి వెళ్ళాయి. అక్కడి నుంచి పోర్చుగీసులోకి వెళ్ళి, చివరికి ఇంగ్లీషులో లాకర్ అయ్యాయి. పోర్చుగీసు వారు ముందు భారతదేశానికి వచ్చారు, ఇక్కడ లక్క చూశారు. తర్వాత చైనా, జపాన్‌లకు పోయి అక్కడి మెరిసే పూత చూసి, తెలిసిన పేరే దానికీ పెట్టారు. మనం ఆ ఇంగ్లీషు మాటను మళ్ళీ లక్క అని తెలుగు చేసుకున్నాం. పేరు ఇక్కడి నుంచే బయలుదేరి, దారిలో వేరే వస్తువును ఎక్కించుకుని ఇంటికొచ్చింది. చివరికి ఉరుషి పాలలోని ఎంజైముకు కూడా ఇదే పేరు దక్కింది. దాన్ని 1883లో గమనించింది యోషిదా అనే జపాన్ రసాయన శాస్త్రవేత్త. 1890లలో బెర్ట్రాండ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దానికి లాకేజ్ అని నామకరణం చేశాడు.

ఈ కథకు రెండో వైపు కూడా ఉంది. 17వ శతాబ్దంలో ఐరోపా సంపన్నులకు జపాన్ పెట్టెల మోజు పట్టుకుంది. కానీ ఆ చెట్టు అక్కడ లేదు, దాని పాలు అంత దూరం ఓడలో పాడవకుండా రావు. అందుకని మన దేశం నుంచి వెళ్ళే లక్కను సారాయిలో కరిగించి, పొరలు పొరలుగా పూసి నకళ్ళు తయారుచేశారు. ఆ పనికి జపానింగ్ అని పేరు. 1688లో స్టాకర్, పార్కర్ అనే ఇద్దరు దాని మీద ఇంగ్లండులో ఒక పుస్తకమే వేశారు. అంటే జపాన్ పేరుతో లండన్‌లో అమ్ముడైన పెట్టె మీద ఉన్నది భారతదేశపు లక్క. లక్క పేరుతో మన అటక మీద ఉన్న పెట్టెకు అసలు పూత జపాన్ చెట్టు పాలు.

అసలు పూత అని ఎందుకన్నానంటే, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాన్‌లోనే జీడిపిక్కల పెంకు నూనెతో చేసిన చవక పూత వాడుకలోకి వచ్చింది. దాన్ని అక్కడ కష్యూ అనే పిలుస్తారు. ఆ రోజుల్లో ఆ నూనె ఎగుమతిలో ముందున్న దేశం మనది. కాబట్టి యుద్ధం తర్వాత తయారైన పెట్టె అయితే, దాని నలుపులో మన తీరం జీడి కలిసి ఉండే అవకాశాన్ని కొట్టిపారేయలేం.

రేవు పేర్లు

రెండో వాదన, అది జపాన్‌దన్నది. దాన్ని పరీక్షించే ముందు వస్తువులకు ఊళ్ళ పేర్లు ఎలా అంటుకుంటాయో చూడాలి. ఈ పాఠంలో మీరు బాగా గుర్తుంచుకోవలసిన భాగం ఇదే.

కోరమాండల్ అనే పేరు మీకు కొత్త కాదు. మిరప చేలో చల్లే ఎరువుల బస్తా మీద చూశారు, ఒంగోలు మీదుగా పోయే రైలుకూ అదే పేరు. చోళమండలం అన్న మాట యూరోపియన్ల నోట్లో అలా మారి, మన తూర్పు తీరమంతటికీ పేరయింది. ప్రపంచంలోని పెద్ద మ్యూజియముల్లో కోరమాండల్ లాకర్ అని చీటీ తగిలించిన పెద్ద పెద్ద మడత తెరలు కనిపిస్తాయి. తరచు పన్నెండు రెక్కలుంటాయి. నల్లటి పూతను లోతుగా చెక్కి, ఆ గాళ్ళలో రంగులు నింపిన అద్భుతమైన పని. పారిస్‌లో కోకో షనెల్ తన ఇంటినిండా వాటినే పెట్టుకుంది. ఆ తెరల్లో ఒక్కటి కూడా కోరమాండల్ తీరంలో తయారు కాలేదు. అవన్నీ చైనావి. చైనా నుంచి వచ్చిన సరుకు మన తీరపు రేవుల్లో ఓడలు మారి ఐరోపాకు పోయేది. 18వ శతాబ్దపు ఫ్రెంచి వర్తకులు ఓడ ఎక్కిన చోటును వస్తువు పుట్టిన చోటుగా చలామణి చేశారు. ఇంగ్లీషు వారు ఇదే సరుకును కొంతకాలం బాంటమ్ పని అన్నారు. బాంటమ్ జావా దీవిలోని ఒక రేవు. అదీ చైనా కాదు.

ఇది ఒక్క తెరల విషయంలోనే జరిగిందనుకోకండి. కాకతీయ గణపతిదేవుడు 1244–45లో మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును పూర్వపు రాజుల్లాగా లాక్కోనని, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటానని సముద్ర వర్తకులకు హామీ ఇచ్చాడు. ఆ శతాబ్దం చివర్లో మార్కో పోలో ఈ దేశం గురించి రాస్తూ రాజ్యాన్నే ముత్ఫిలి అన్నాడు. అది మోటుపల్లే. ఓరుగల్లును చూడని యాత్రికుడికి రేవు పేరే రాజ్యం పేరయింది.

పత్తి సంగతి చూడండి. గుంటూరు, కృష్ణా, నెల్లూరు జిల్లాల నల్లరేగళ్ళలో పండే కొద్దిపాటి ఎరుపు ఛాయ పత్తికి ఇంగ్లీషు వర్తకుల లెక్కల్లో పేరు కొకనాడాస్, అంటే కాకినాడ పత్తి. పండించిన రైతుది ఒక జిల్లా, పేరు మరో జిల్లా రేవుది. మనుషులకూ ఇదే గతి పట్టింది. బర్మా వెళ్ళిన తెలుగువారిని అక్కడ కోరంగీలు అనేవారు. ఓడ ఎక్కిన కోరంగి రేవు పేరు అది. విశాఖ నుంచి వెళ్ళినా, గోదావరి నుంచి వెళ్ళినా అందరూ కోరంగీలే.

జపాన్ వారు కూడా మన బట్టల విషయంలో ఇదే పని చేశారు. మద్రాసు పక్కన ఉన్న పోర్చుగీసు స్థావరం శాంథోమ్. ఈ తీరం నుంచి వెళ్ళిన చారల బట్టను జపాన్‌లో శాంతోమె అనేవారు. అద్దకం బట్టను సరస అనేవారు. ఆ అద్దకం ముక్కలకు అక్కడ ఎంత విలువంటే, తేనీటి వేడుకలో వాడే అపురూపమైన పాత్రలకు వాటితో సంచులు కుట్టించుకునేవారు. ఇక్కడ మనం వాళ్ళ పెట్టెలో మన గుర్తులు దాచుకున్నాం. అక్కడ వాళ్ళు తమ పాత్రలను మన గుడ్డలో చుట్టి దాచుకున్నారు.

ఇన్ని ఉదాహరణలు ఎందుకిచ్చానంటే, ఇకమీదట "జపాన్ పెట్టె" అని ఎవరైనా అంటే మీ మనసులో రెండు ప్రశ్నలు పుట్టాలి. ఇది జపాన్‌లో తయారైందా? లేక జపాన్ అన్న పేరు దారిలో ఎక్కడో అంటుకుందా?

ఏ దారిన వచ్చి ఉంటుంది?

అన్నిటికంటే పాత దారి డచ్చి వారిది. గోల్కొండ సుల్తాను అనుమతితో 1606 నాటికి వారు మచిలీపట్నంలో, నిజాంపట్నంలో వర్తకం మొదలుపెట్టారు. 1609లో జపాన్‌లోని హిరాదోలో, 1641 నుంచి నాగసాకి దగ్గరి దెషిమా అనే బుల్లి దీవిలో ఉన్నారు. జపాన్ తన తలుపులు మూసుకున్న ఆ రెండు వందల ఏళ్ళలో అక్కడ వ్యాపారానికి అనుమతి ఉన్న యూరోపియన్లు వీరొక్కరే. జపాన్ రాగి మన తీరానికి దండిగా వచ్చేది. ఆసియా దర్బారుల్లో డచ్చి కంపెనీ ఇచ్చే కానుకల్లో జపాన్ నల్లపూత సామాను కూడా ఉండేది. కానీ అది సుల్తానుల, వారి అధికారుల స్థాయి వస్తువు. మెట్ట చేలు దున్నుకునే దర్శి రైతు ఇంటికి ఆ దారిన వచ్చే అవకాశం లేదు. వచ్చినా మిగిలేది కాదు. మోటుపల్లి తవ్వకాల్లో చైనా పింగాణీ పెంకులు దొరికాయి. మట్టిలో పింగాణీ నిలుస్తుంది, చెక్కను చెదలు తినేస్తుంది. కాబట్టి మీ ఇంట్లో ఎవరైనా "ఇది నాలుగు వందల ఏళ్ళ నాటిది" అంటే మర్యాదగా విని ఊరుకోండి.

రెండో దారి పత్తిది. 1893లో జపాన్ వారి ఆవిరి ఓడలు బొంబాయికి నేరుగా రావడం మొదలుపెట్టాయి. ముఖ్యంగా వాటికి కావలసింది పత్తి. ఆ పత్తితో నేసిన బట్ట తిరిగి మన బజార్లకే వచ్చింది. భారత ప్రభుత్వం సుంకాలు పెంచితే, 1933లో జపాన్ మిల్లులు మన పత్తిని కొనడం మానేశాయి. 1934 ఒప్పందంలో లెక్క ఇలా తేలింది: జపాన్ ఏడాదికి 10 లక్షల బేళ్ళ పత్తి కొంటే 32.5 కోట్ల గజాల బట్ట ఇక్కడ అమ్ముకోవచ్చు. 15 లక్షల బేళ్ళు కొంటే 40 కోట్ల గజాల వరకు అమ్ముకోవచ్చు. వారు కొన్నది ఎక్కువగా ఉత్తర, మధ్య భారతాల పొట్టి పింజ పత్తి. మన వైపుది తక్కువ. అయినా బట్టతో పాటు వచ్చిన గాజులు, బొమ్మలు, అద్దాలు, చిన్న పెట్టెలు చిన్న ఊళ్ళ తిరునాళ్ళ దాకా చేరాయి. అప్పట్లో జపాన్ సరుకు అంటే చవకది, మన్నదు అని అర్థం. అదే మాట నా ఉద్యోగకాలానికి వచ్చేసరికి రేడియోల, టేప్‌రికార్డర్ల పుణ్యమా అని మేలురకం అన్న అర్థానికి మారిపోయింది.

మూడో దారి రంగూన్. తెలుగు ఇళ్ళల్లోని నల్లపూత పెట్టెల విషయంలో ముందుగా అనుమానించవలసింది ఈ దారినే. బర్మాకు వెళ్ళినవారు ప్రధానంగా ఉత్తర కోస్తా, గోదావరి జిల్లాల వారు. అయినా పెళ్ళిళ్ళు, వ్యాపారాలు వస్తువులను జిల్లాలు దాటిస్తాయి. బర్మాలో పగాన్ చుట్టుపక్కల ఇలాంటి పూత పని శతాబ్దాలుగా ఉంది. అక్కడి వారు వాడేది థిచ్చీ అనే మరో చెట్టు పాలు. ఇదీ మామిడి, జీడి కుటుంబమే. తేడా లోపల ఉంటుంది. జపాన్ పెట్టెకు లోపల పలుచని చెక్క ఉంటుంది. పగాన్ పనిలో ఎక్కువగా వెదురు బద్దల అల్లిక ఉంటుంది. అంచు ఊడిన చోట పరీక్షగా చూస్తే తెలిసిపోతుంది. బొమ్మ తీరు కూడా వేరు. బర్మా వారు ఎక్కువగా సూదిమొనతో గీసి గీతల్లో రంగు నింపుతారు. జపాన్ వారు పైన బంగారు పొడి చల్లుతారు.

రంగూన్ దారి సుఖంగా ముగియలేదు. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీల మీద దాడులు జరిగాయి. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. 1942 మార్చిలో నగరం జపాన్ చేతికి చిక్కింది. లక్షలాది భారతీయులు, వారిలో ఎందరో తెలుగువారు, కొండలు అడవులు దాటి కాలినడకన అస్సాం, చిట్టగాంగుల వైపు వచ్చారు. దారిలో చచ్చిపోయినవారికి సరైన లెక్క లేదు. ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద కూడా బాంబులు పడ్డాయి. దర్శికి యుద్ధం దూరమేమీ కాదు. దొనకొండలోని పాత విమానాశ్రయం ఆ యుద్ధకాలాన్ని గుర్తుచేసేదే. ఆ రోజుల్లో ఇంట్లో జపాన్ పెట్టె ఉండటం ఎలా అనిపించి ఉంటుందో ఆలోచించండి. అంత నడకలో మనిషి చేతిలో ఏం పట్టుకుని వస్తాడో కూడా ఆలోచించండి. జానెడు పెట్టె ఒకటి పట్టుకు రావచ్చు, భోషాణం రాదు.

నాలుగోది ఇటీవలి దారి. 1960ల చివరి నుంచి బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖ రేవు మీదుగా జపాన్ ఉక్కు మిల్లులకు పోయింది. ఓడల్లో పనిచేసినవారు, సింగపూర్ వెళ్ళొచ్చినవారు బహుమతులుగా నగల పెట్టెలు తెచ్చేవారు. మూత తెరిస్తే పాట వినిపించే రకం ఈ కాలానిదే. 1946లో జపాన్‌లోని సువా సరస్సు ప్రాంతంలో మొదలైన సాంక్యో కంపెనీ ఆ పాటల యంత్రాలకు ప్రసిద్ధి. మీ పెట్టె అడుగున తాళం తిప్పే పుల్ల ఉంటే, మన వాక్యంలోని తాత బర్మా నడిచొచ్చిన తాత కాదు. అంతకు ఒక తరం తర్వాతి మనిషి.

కాలం తేల్చడానికి అడుగున అచ్చు ఏమైనా ఉందేమో చూడండి. 1890 నాటి అమెరికా సుంకాల చట్టం దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలంది. జపాన్ వారు మొదట నిప్పన్ అని ముద్రించారు, 1921 తర్వాత జపాన్ అన్నారు. యుద్ధంలో ఓడి అమెరికా ఆధీనంలో ఉన్నప్పుడు, 1952 వరకు, చాలా సరుకు మీద ఆక్యుపైడ్ జపాన్ అని ఉండేది. ఏమీ లేకపోతే దిగులు పడకండి. చాలా పెట్టెలకు కాగితం చీటీ మాత్రమే అంటించేవారు, అది మొదటి దసరాకే ఊడిపోయి ఉంటుంది.

పెట్టె ఎవరిది?

మూడో వాదన మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది. "తాత తెచ్చాడు" అన్నది నిజమే కావచ్చు. కానీ పెట్టెను తెచ్చినవాడు వేరు, అందులో దాచుకున్న మనిషి వేరు. సొరుగులో ఉన్నవి మరోసారి చూడండి: గొలుసు ముక్క, నల్లపూసలు, బిడ్డ మువ్వ. ఇందులో తాత వస్తువు ఏది?

అడంగల్లో, పట్టాలో, బ్యాంకు కాగితాల్లో ఆ తరం ఆడవాళ్ళ పేర్లు చాలా అరుదు. హిందూ ఉమ్మడి కుటుంబంలో ఆస్తి కొడుకులది. 1937 చట్టం భర్త పోయిన స్త్రీకి అనుభవించే హక్కు మాత్రం ఇచ్చింది, అమ్ముకునే హక్కు ఇవ్వలేదు. 1956 వారసత్వ చట్టం కొంత ముందుకు వెళ్ళినా ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వచ్చే వాటా కూతుళ్ళకు రాలేదు. దాన్ని ఆంధ్రప్రదేశ్ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలయ్యేలా సవరించింది, అదీ ఆనాటికి పెళ్ళికాని కూతుళ్ళకే. దేశమంతటికీ అలాంటి మార్పు 2005లో గాని రాలేదు. అంతవరకు ఆడమనిషి నాది అనగలిగింది పసుపు కుంకుమల కింద వచ్చింది, పుట్టింటివారు పెట్టింది. అది కూడా మిరప తోటకు పురుగు పట్టిన ఏడు, బోరు ఎండిపోయిన ఏడు తాకట్టుకు పోయేది. నగ పోయి దాని తెగిన ముక్క పెట్టెలో మిగలడానికి అర్థం అదే. ఆ ముక్కను చూసి ఏ ఏడు కరువో, ఏ పెళ్ళికి గొలుసు కరిగించారో చెప్పగల మనిషి మీ ఇంట్లో ఇంకా ఉంటే, మీరు అదృష్టవంతులు. ఈ వారమే అడగండి. రెవెన్యూ రికార్డులో కరువు ఉంటుంది, కరువుకు మీ ఇంట్లో ఏది అమ్మారో ఉండదు.

అయితే ఒక హెచ్చరిక. నాయనమ్మ చెప్పిందల్లా నిజమని రాసుకోవద్దు. మనిషి జ్ఞాపకం కూడా రేవు పేర్ల లాంటిదే. ఎక్కడో జరిగింది ఎక్కడో ఎక్కుతుంది. ఇద్దరు కోడళ్ళు ఒకే పెట్టె గురించి రెండు కథలు చెబితే రెండూ రాయండి. ఎవరు ఏది ఎందుకు చెప్పారో పక్కన రాయండి. పెట్టె మీద హక్కు ఎవరిదన్న పాత తగవు అందులో దాగి ఉండొచ్చు.

మీరు చేయవలసిన పని

మీ ఇంట్లో జపాన్ పెట్టె లేకపోతే ఏ దాపుడు పెట్టె అయినా సరే: రేకు ట్రంకు, బిస్కెట్ డబ్బా, ఏటికొప్పాక భరిణె. దాని కొలతలు, పదార్థం, రిపేరు చేసిన గుర్తులు, లోపలి వస్తువులు రాసి, వాటి గురించి కనీసం ఇద్దరి మాటలు వేరువేరుగా నమోదు చేయండి. సంప్రదింపు తరగతికి పెట్టెను తేవద్దు, నోటుబుక్కు తెస్తే చాలు.

నల్లపూత పెట్టె దొరికినవారు దాని విషయంలో కాస్త జాగ్రత్తగా ఉండాలి. తేమ దేశంలో పుట్టిన వస్తువు అది. మన మే నెల ఎండకు లోపలి చెక్క బిగుసుకుపోయి పైపూత బీటలు వారుతుంది. ముక్కవాసన పోతుందని ఎండలో పెట్టకండి, ఎండకు ఆ నలుపు వెలిసిపోతుంది. కొబ్బరినూనె, ఫర్నిచర్ పాలిష్ రాయకండి. మెత్తటి పాత నూలు గుడ్డతో దుమ్ము తుడిచి, వెలుతురు తగలని చోట, గోడకు ఆనకుండా పెట్టండి. లోపలి ఉత్తరాన్ని విప్పేటప్పుడు మడతల దగ్గర బలవంతం చేయకండి. ముందు స్టాంపు మీది ముద్రలో ఊరు, తేదీ కనిపిస్తున్నాయేమో చూసి రాసుకోండి.